టిఫిన్ సెంటర్ నడుపుతూ ఇల్లు, ఒళ్లు చూసుకోవడం ఎలా? భార్యాభర్తల కోసం సమగ్ర మార్గదర్శి

"అక్కా, పొద్దున నాలుగింటికి లేస్తున్నాం, రాత్రి పదింటికి పడుకుంటున్నాం. అయినా చేతిలో డబ్బు లేదు, పిల్లలతో గంట కూర్చున్నదీ లేదు. ఎక్కడ తప్పు చేస్తున్నాం?" కొత్తగా టిఫిన్ సెంటర్ పెట్టినవాళ్లు నన్ను తరచూ అడిగే ప్రశ్న ఇదే. గుంటూరులో నేను, మా ఆయన పదకొండేళ్లుగా ఇదే పని మీద బతుకుతున్నాం. మేము చేసి సరిదిద్దుకున్న పద్ధతినే వరుసగా రాస్తున్నాను.

ఇది అద్దె గదిలో భార్యాభర్తలిద్దరూ నడుపుతూ, సాయానికి ఒకరిద్దరిని పెట్టుకున్న కొట్టు కోసం. లెక్కలన్నీ ఉదాహరణకే. వాటి స్థానంలో మీ అంకెలు వేసుకోండి.

మినపప్పును కిలోల్లో కొలుస్తాం, గ్యాస్‌ను సిలిండర్లలో లెక్కిస్తాం. మన గంటల్ని మాత్రం ఎవరం లెక్కపెట్టం. అందుకే మొదలు అక్కడినుంచే.

1. ముందుగా సిద్ధం చేసుకోవాల్సినవి

- రెండు నోటుపుస్తకాలు. ఒకటి డబ్బుకు, ఒకటి గంటలకు.
- గోడకు పెద్ద క్యాలెండరు. రాసుకోవడానికి గళ్లు ఉండాలి.
- వ్యాపారానికి మాత్రమే వాడే బ్యాంకు ఖాతా, దానికి విడిగా యూపీఐ క్యూఆర్ కోడ్.
- ఎఫ్ఎస్ఎస్ఏఐ (తినే వస్తువులు అమ్మడానికి తీసుకోవాల్సిన ప్రభుత్వ అనుమతి) రిజిస్ట్రేషన్ లేదా లైసెన్స్. 14 అంకెల నంబరు కస్టమర్లకు కనిపించేలా గోడకు ఉండాలి.
- ఉద్యమ్ రిజిస్ట్రేషన్, అంటే చిన్న వ్యాపారాల ప్రభుత్వ నమోదు. ఆధార్‌తో ఆన్‌లైన్‌లో ఉచితంగా అవుతుంది. దీనికి డబ్బు అడిగితే ఇవ్వకండి.
- కమర్షియల్ గ్యాస్ కనెక్షన్, అంటే 19 కిలోల సిలిండర్. ఇంటి 14.2 కిలోల సిలిండర్‌ను కొట్టులో వాడటం నేరం. తనిఖీ ఎప్పుడు వస్తుందోనన్న టెన్షన్ కూడా మనకు వద్దు.

వీటికి పదిహేను రోజులు కేటాయించండి. ఈలోగా మెనూ గానీ, వేళలు గానీ మార్చకండి. ఉన్నది ఉన్నట్టు తెలిస్తేనే ఏది మార్చాలో తెలుస్తుంది.

2. పదిహేను రోజులు గంటల పద్దు రాయండి

గంటల పుస్తకంలో రోజుకో పేజీ, మధ్యలో నిలువుగా గీత. ఎడమవైపు మీ పని, కుడివైపు మీ వారి పని. ఏ పని ఎప్పుడు మొదలైంది, ఎప్పుడు అయిపోయింది, అంతే. రాత్రి కూర్చుని గుర్తు తెచ్చుకుని రాయొద్దు, పని అయిన వెంటనే రాయండి.

చాలామంది కొట్టు తెరిచి ఉన్న వేళనే పని వేళ అనుకుంటారు. పప్పు కడగడం, గ్రైండర్ శుభ్రం చేయడం, పట్నం బజారుకు వెళ్లి సరుకు తేవడం, చిల్లర కోసం తిరగడం, రాత్రి పడుకునే ముందు పిండి మూత తీసి చూడడం కూడా పనే. కొట్టు ఆరు నుంచి పదిన్నర దాకా తెరిచి ఉంచే మేము, పద్దు రాశాక చూసుకుంటే మనిషికి రోజుకు పది గంటలు పని చేస్తున్నాం.

3. గంటకు ఎంత మిగులుతోందో తేల్చండి

ఈ అడుగు మీద ఎక్కువసేపు కూర్చోండి. మిగతావన్నీ దీని మీదే ఆధారపడతాయి.

ప్లేటు 40 రూపాయల చొప్పున రోజుకు 150 ప్లేట్లు అమ్ముతున్నారనుకుందాం. గల్లాలో పడేది 6,000.

- సరుకు: 2,700
- గ్యాస్: 400
- సాయం చేసే ఆవిడకు 500, ప్లేట్లు కడిగే ఆవిడకు 400
- అద్దె, రోజు లెక్కన: 300
- పార్సిల్ కవర్లు, పేపర్లు: 150
- కరెంటు, నీళ్లు: 150
- గ్రైండర్, పెనం, స్టవ్ రిపేర్లకు పక్కన పెట్టేది: 100

మొత్తం ఖర్చు 4,700. మిగిలేది 1,300. ఇద్దరూ కలిసి పెట్టిన గంటలు 20. గంటకు 65 రూపాయలు.

ఇప్పుడు సాయం చేసే ఆవిడ లెక్క చూడండి. ఆరు గంటలకు 500, అంటే గంటకు 83. ఆమె కష్టానికి అది న్యాయమైన కూలే, అందులో ఒక్క రూపాయి కూడా తగ్గించొద్దు. కానీ పెట్టుబడి పెట్టి, నష్టం భరించి, నాలుగింటికి లేచే మనకు ఆమెకన్నా తక్కువ మిగులుతోంది. మొదటిసారి ఈ లెక్క వేసినప్పుడు మా ఆయన పెన్ను కింద పెట్టి చాలాసేపు మాట్లాడలేదు.

తర్వాత ఒక్కో పనినీ విడిగా తూచండి. సాయంత్రం నాలుగు నుంచి ఎనిమిది దాకా బజ్జీలు వేస్తున్నారనుకోండి. అమ్మకం 1,200, నూనె, శనగపిండి, గ్యాస్ పోను మిగిలేది 250. ఇద్దరికీ కలిపి ఎనిమిది గంటలు. గంటకు 31 రూపాయలు. పిల్లలు స్కూలు నుంచి వచ్చే వేళ సరిగ్గా అదే. మేము బజ్జీలు ఆపేసింది ఈ లెక్క చూశాకే.

ధర విషయానికొస్తే, పెంచితే జనం రారని భయం ఉంటుంది. కాగితం మీద వేసి చూడండి. ప్లేటుకు 5 రూపాయలు పెంచితే రోజుకు పది ప్లేట్లు తగ్గాయనుకుందాం. మిగిలిన 140 ప్లేట్ల మీద 700 అదనంగా వస్తుంది. పోయిన పది ప్లేట్ల వల్ల 400 అమ్మకం తగ్గుతుంది, వాటి సరుకు 180 మిగులుతుంది, అంటే నష్టం 220. చివరికి 1,300 కాస్తా 1,780 అవుతుంది. గంటకు 89.

మెనూలో ఏది తీసేయాలో కూడా గంటలే చెబుతాయి. పూరీ వత్తడానికి ఒక మనిషి నిలువునా కావాలి. మాకు పూరీ ఆదివారం ఒక్కరోజే గిట్టుబాటయింది, అందుకే ఆ రోజే వేస్తున్నాం. తొమ్మిది రకాలు ఐదుకు తగ్గించాం. అలవాటుగా వచ్చేవాళ్లు మానేయలేదు.

4. గల్లా వేరు, ఇంటి డబ్బు వేరు

గల్లాలోంచి పాలకు ఇరవై, ఆటోకు యాభై, పిల్లాడి నోటుబుక్కుకు అరవై తీస్తూ పోతే నెలాఖరుకు ఎంత పోయిందో ఎవరికీ తెలియదు. నెలకు ఒకసారి మీకు మీరే జీతం ఇచ్చుకోండి.

పై లెక్కలో పాత ధర ప్రకారమే నెలకు 26 రోజులకు 33,800 మిగులుతుంది. మేమైతే ఇలా పంచుతాం:

- ఇంటికి జీతం: 25,000, ఒకటో తారీఖున
- సెలవులు, జబ్బుల కోసం: 4,000
- స్కూలు ఫీజు కోసం: 3,000
- కొట్టు ఖాతాలోనే ఉంచేది: 1,800

గల్లాలోంచి తీయక తప్పకపోతే డబ్బుల పుస్తకంలో "ఇంటికి" అని రాసి తీయండి. ఒకటో తారీఖు జీతంలో అది తగ్గించుకోవాలి. ఈ నియమం ఇద్దరికీ ఒక్కటే.

ఇంటి డబ్బు కొట్టు క్యూఆర్‌లోకి రానివ్వకండి. రోజుకు 6,000 చొప్పున 26 రోజులు, పన్నెండు నెలలకు 18,72,000 అవుతుంది. ధర పెంచాక 19,65,600. హోటల్ సేవలకు జీఎస్టీ రిజిస్ట్రేషన్ తప్పనిసరయ్యే గీత ఏడాదికి 20 లక్షలు. తమ్ముడు పంపిన డబ్బు, చీటీ పాడిన డబ్బు కూడా ఇదే ఖాతాలో పడితే, అది అమ్మకం కాదని తర్వాత మీరే నిరూపించుకోవాలి. 2025 జూలైలో బెంగళూరులో చిన్న దుకాణాలకు యూపీఐ లెక్కల ఆధారంగానే జీఎస్టీ నోటీసులు వెళ్లాయి. అమ్మకం గీతకు దగ్గరపడుతుంటే ముందే అకౌంటెంట్‌ను కలవండి. నగదు అమ్మకం కూడా ఆ 20 లక్షల్లోకే వస్తుంది.

డైలీ ఫైనాన్స్ గురించి గట్టిగా చెబుతున్నాను. 10,000 అని చెప్పి చేతికి 8,500 ఇస్తారు, రోజుకు 100 చొప్పున వంద రోజులు కట్టించుకుంటారు. పోయేది 1,500 మాత్రమే అనిపిస్తుంది. కానీ అసలు రోజూ తగ్గుతూ ఉంటుంది కాబట్టి, నెలకు నూటికి దాదాపు పది రూపాయల వడ్డీ పడుతుంది. గ్రైండర్ కొనాలంటే బ్యాంకులో ముద్ర పథకం కింద చిన్న వ్యాపారాలకిచ్చే శిశు రుణం అడగండి, 50,000 దాకా ఇస్తారు. రెండు మూడుసార్లు తిరగాల్సి రావచ్చు, తిరగండి.

అరువు: కొట్టు పక్క ఆఫీసులవాళ్లకు నెల ఖాతా పెట్టాల్సి వస్తే మనిషికి ఒక హద్దు పెట్టండి. మాది 500. దాటితే పాతది కట్టాకే కొత్త ప్లేటు.

5. రాత్రి పనిని పగటికి మార్చండి

నిద్రను తినేసేది రాత్రి రుబ్బే పని. సాయంత్రం ఐదింటికి నానబెట్టి, రాత్రి పదింటికి రుబ్బి, పదకొండున్నరకు పడుకుని నాలుగింటికి లేచే ఇళ్లు ఎన్నో చూశాను. వరుస ఇలా మార్చుకోండి:

1. అమ్మకం ఆపి, శుభ్రం చేసుకుని ఉదయం 11:30కి కొట్టు మూసేటప్పుడే మినపప్పు కడిగి నానబెట్టండి.
2. భోజనం చేసి, మధ్యాహ్నం ఒక గంట పడుకోండి. ఫోను పక్క గదిలో ఉండాలి.
3. నాలుగింటికి గ్రైండర్ వేయండి. ఐదున్నరకు ఇడ్లీ రవ్వ కలిపేసి, గ్రైండర్ కడిగేయండి.
4. ఆరు తర్వాత కొట్టు పని లేదు.
5. తొమ్మిదింటికి పిండి ఒకసారి చూసి పడుకోండి.

ఎండాకాలంలో ఈ వేళలకు పిండి త్వరగా పులుస్తుంది. నానబెట్టిన నీళ్లు మధ్యలో ఒకసారి మార్చండి, రుబ్బేటప్పుడు చల్లటి నీళ్లు పోయండి. పిండిని ఒకే పెద్ద గిన్నెలో కాకుండా రెండు మూడింటిలో సర్దండి. రాత్రి తొమ్మిదికే పొంగి ఉంటే ఫ్రిజ్‌లో పెట్టేయండి. చలికాలంలో దీనికి ఎదురు సమస్య. గిన్నెకు మందపాటి గుడ్డ చుట్టి, వంటగదిలో వెచ్చగా ఉండే మూల ఉంచితే తెల్లారేసరికి పొంగుతుంది.

నాలుగింటికి గ్రైండర్ వేసే వేళ కరెంటు పోతే? కరెంటు కోత ఎప్పుడో ముందే తెలిస్తే ఆ రోజు గంట ముందు రుబ్బండి. తెలియకపోతే నానిన పప్పును నీళ్లు వంచి ఫ్రిజ్‌లో ఉంచి, కరెంటు రాగానే రుబ్బండి.

6. ఎవరి పని ఏదో కాగితం మీద పెట్టండి

ఇద్దరూ అన్ని పనులూ చేస్తుంటే ఇద్దరికీ తీరిక ఉండదు, మాట పట్టింపులు మాత్రం వస్తాయి. మా ఇంట్లో ఫ్రిజ్ తలుపు మీద అంటించిన కాగితం ఇది:

- సోమ, బుధ, శుక్రవారాలు: నాలుగింటికి నేను లేస్తాను. పిల్లల్ని లేపి, జడలు వేసి, స్కూలుకు పంపేది ఆయన. ఎనిమిదిన్నరకు కొట్టుకు వస్తారు.
- మంగళ, శని, ఆదివారాలు: ఆయన నాలుగింటికి. పిల్లలు నా వంతు.
- సరుకు, గ్యాస్, అద్దె: ఆయన.
- పద్దు, బ్యాంకు, స్కూలు మీటింగ్: నేను.

మొదట ఆయనకు జడలు వేయడం రాలేదు. నెలలో వచ్చేసింది.

కంచం ముందు కొట్టు మాటలు వద్దు. బకాయిలు, గొడవలు, చెప్పాల్సినవి ఏవైనా ఉంటే మంగళవారం మధ్యాహ్నం అరగంట పెట్టుకున్నాం. అప్పటిదాకా పుస్తకం వెనక పేజీలో రాసుకుంటాం. రాసుకున్నవాటిలో సగం మంగళవారానికి చిన్నవిగా కనిపిస్తాయి.

సాయం చేసే ఆవిడకు పెనం పని నేర్పండి. "ఆమె నేర్చుకుని వేరే చోటికి పోతుంది" అని భయపడి నేర్పనివాళ్లు ఒక్క రోజు కూడా పెనం వదల్లేరు. పోతే పోతుంది, మళ్లీ ఒకరికి నేర్పుకుంటాం. ఆమెకూ వారానికి ఒక సెలవు, పండక్కి చీర, సమయానికి కూలి ఇస్తే చాలామంది ఉండిపోతారు.

7. వారం సెలవును నిజమైన సెలవు చేయండి

సెలవు రోజు ఎంచుకోవడానికి నాలుగు వారాల అమ్మకం రాయండి. వారంలో ఏ రోజు అమ్మకం తక్కువో ఆ రోజే సెలవు. ఆదివారం టిఫిన్లకు మంచి బేరం కాబట్టి చాలామందికి అది కుదరదు. మాకు గురువారం తక్కువ వచ్చింది, గురువారం మూస్తాం.

చాలామంది తప్పు చేసేది ఇక్కడే. గురువారం కొట్టు మూశారు, కానీ శుక్రవారం ఇడ్లీ వేయాలంటే గురువారం మధ్యాహ్నం పప్పు నానబెట్టాలి, సాయంత్రం రుబ్బాలి. సెలవు పేరుకే సెలవు. అమ్మమ్మగారి ఊరు వెళ్లినా మూడింటికి బస్సు ఎక్కాల్సిందే.

సరిచేసే మార్గం: సెలవు మర్నాడు పులియబెట్టే పిండి అక్కరలేని మెనూ పెట్టండి. మా శుక్రవారం మెనూ పెసరట్టు, ఉప్మా, పూరీ. పెసలు గురువారం రాత్రి పడుకునే ముందు నీళ్లలో వేస్తే చాలు, పొద్దున నాలుగున్నరకు రుబ్బుకోవచ్చు. పని రెండు నిమిషాలు. పెసరట్టు ఉప్మా కోసం శుక్రవారమే వచ్చేవాళ్లు ఇప్పుడు తయారయ్యారు. పూరీ ఆదివారమే అన్నాను కదా, శుక్రవారం ఇడ్లీ లేని లోటుకు దాన్ని కొద్దిగా వేస్తాం, అంతే.

సెలవు ముందు రోజు చేయాల్సినవి:

- బుధవారం పిండి పావు వంతు తగ్గించి వేయండి. మిగిలితే సెలవు రోజు మీరే తినాలి.
- కొబ్బరి, పచ్చిమిర్చి, కూరగాయలు కొని పెట్టొద్దు.
- గ్యాస్ రెగ్యులేటర్ కట్టేయండి, ఫ్రిజ్ చూడండి.
- "రేపు సెలవు, శుక్రవారం పెసరట్టు" అని బోర్డు రాయండి.

నెలకు ఒక ఆదివారం కూడా మూయమని నా సలహా. పిల్లలకు సెలవు ఉండేది ఆ రోజే. ఒక ఆదివారం పోతే ఎంత పోతుందో లెక్క వేసి, ఆ డబ్బును "సెలవులు, జబ్బుల" పద్దులోంచి తీయండి. ఆ పద్దు పెట్టిందే అందుకు. సంక్రాంతికి మూడు రోజులు, దసరాకు రెండు రోజులు ముందే క్యాలెండరులో ఎర్ర పెన్నుతో చుట్టండి.

8. ఒంటి సంగతి

కొట్టు పెట్టిన ఐదో ఏడు నాకు జ్వరం వచ్చి ముదిరింది. పొయ్యి దగ్గరే నిలబడి మాత్రలు వేసుకుంటూ వారం లాగాను. తర్వాత పన్నెండు రోజులు కొట్టే మూసేయాల్సి వచ్చింది. మొదటి రెండు రోజులు పడుకుని ఉంటే సరిపోయేది.

- టిఫిన్ పెట్టే మనం పదకొండున్నర దాకా తినం. ఏడున్నరకు రెండు ఇడ్లీలు తినాలని నియమం పెట్టుకోండి. ఒకరు తింటుంటే ఇంకొకరు పెనం దగ్గర.
- పెనం దగ్గర రెండు లీటర్ల నీళ్ల సీసా. కొట్టు మూసేసరికి ఖాళీ కావాలి.
- కాళ్ల కింద మందపాటి రబ్బరు చాప, మెత్తటి చెప్పులు. గంటకోసారి రెండు నిమిషాలు కూర్చోండి.
- వేడి నూనె, ఆవిరి తగిలితే ధారగా పడే మామూలు నీళ్ల కింద 20 నిమిషాలు ఉంచండి. టూత్‌పేస్టు, పసుపు, ఐస్ పెట్టకండి. బొబ్బ పెద్దదైతే ఆసుపత్రికి వెళ్లండి.
- ఏడాదికోసారి బీపీ, షుగరు, రక్తం పరీక్ష. తేదీ క్యాలెండరులో ఉండాలి.
- ప్రధానమంత్రి సురక్ష బీమా ఏడాదికి 20 రూపాయలు, ప్రమాదంలో ప్రాణం పోతే 2 లక్షలు. జీవన జ్యోతి బీమా ఏడాదికి 436, ప్రాణానికి 2 లక్షలు, చేరడానికి వయసు 18 నుంచి 50. ఇద్దరి పేరునా కట్టండి. బ్యాంకు ఖాతాలోంచి ప్రతి ఏటా మే నెలాఖరున కోసుకుంటారు, ఆ సమయానికి డబ్బు ఉంచండి.

9. తరచుగా జరిగే తప్పులు, వాటికి సర్దుబాట్లు

*మొదటి నెలలోనే అన్నీ మార్చేయడం.* ధర, వేళ, మెనూ ఒకేసారి మారిస్తే దేనివల్ల ఏమైందో తెలియదు. నెలకు ఒక మార్పు చాలు. ముందు సాయంత్రం పని, తర్వాత రుబ్బే వేళ, తర్వాత సెలవు, చివర ధర.

*"ఇంకో పదిమంది ఉన్నారు" అని పదకొండు దాటినా అమ్మడం.* ఆఖరి అరగంటలో ఎంత అమ్ముడవుతోందో విడిగా రాయండి. మాకు 200 దాటలేదు. పదిన్నరకు షట్టరు సగం దించేస్తాం.

*పిండి మిగిలిందని రేపటికి కలపడం.* పుల్లటి దోశ ఒకసారి తిన్నవాళ్లు చెప్పకుండా మానేస్తారు. మిగిలిన పిండితో ఇంట్లో ఊతప్పం వేసుకోండి, సాయం చేసే ఆవిడకు ఇవ్వండి. వరుసగా మూడు రోజులు మిగిలితే నానబెట్టే కొలత తగ్గించండి.

*పెద్ద పిల్లను కౌంటరులో కూర్చోబెట్టడం.* సెలవుల్లో గంటసేపు సరదాగా ఉంటే సరే. పరీక్షల రోజుల్లో కూడా పిల్ల లేనిదే కొట్టు నడవట్లేదంటే ఇంకో మనిషిని పెట్టుకోవాలి. ఆ కూలి లెక్కలో పట్టకపోతే మూడో అడుగుకు వెళ్లి ధర మళ్లీ చూడండి.

*ఫంక్షన్ ఆర్డర్లన్నీ ఒప్పుకోవడం.* ఆర్డరుకు సగం అడ్వాన్సు, రెండు రోజుల ముందు కబురు, నెలకు రెండే. సెలవు రోజు ఆర్డరు వస్తే, ఇద్దరూ సరే అంటేనే.

10. నెలాఖరు చెక్‌లిస్టు

- ఈ నెల గంటకు ఎంత మిగిలింది? పోయిన నెలకన్నా పెరిగిందా?
- ఒకటో తారీఖున ఇంటికి జీతం పూర్తిగా వెళ్లిందా?
- బకాయి ఖాతాలో 500 దాటినవాళ్లు ఎవరు?
- ఈ ఏడాది మొదలు ఇప్పటిదాకా మొత్తం అమ్మకం ఎంత?
- నాలుగు గురువారాల్లో ఎన్ని నిజంగా సెలవుగా గడిచాయి?
- ఇద్దరిలో ఎవరు ఎక్కువ రోజులు నాలుగింటికి లేచారు? వచ్చే నెల కాగితం దాన్ని బట్టి మార్చండి.
- వచ్చే నెల మూసే ఆదివారం ఏది? ఎర్ర పెన్నుతో చుట్టి పిల్లలకు చెప్పారా?